గేదె తరఫున నడక

ఒకటి. ఆషాఢం, పడమటి గాలి.

డాక్టర్ ముంతాజ్ గారి ఉత్తర్వు ఇది: నరాల గది కాపరి రోజూ కనబడింది కనబడినట్టు రాయాలి, నాలుగు ముక్కల్లో రాయాలి. కనబడింది రాయడం నాకు చేతనవును. నాలుగు ముక్కల్లో ఆపడం మా నాయన వల్లా కాలేదు, నా వల్లా కాదు.

వెన్ను నరం మామూలుగా ఉంది. తూర్పు వీధిలో ఎవరో పొయ్యిలో నిప్పులు నేలమీద ఒలకబోశారు. అక్కడి చర్మం ఒక్కసారి జలదరించి ఊరుకుంది. పడమటి వీధి నుంచి కబుర్లు కాస్త ఎక్కువగా వస్తున్నాయి. కారణం తెలియదు.

ఇక్కడితో ఆపేయమంటుంది డాక్టరమ్మ. కానీ ఎప్పుడైనా ఊరుగాని వాడెవడైనా ఇది చదివితే, వీధికి చర్మమేమిటి, దానికి నరమేమిటి, ఈ ముసలాడికి మతి చలించిందా అనుకోడూ? అందుకని చెబుతున్నాను. మా ఊరు గేదె. ఊరి పేరు గేదె అని కాదు, ఊరే గేదె. గోదారి లంకలన్నీ మునిగాక మా ముత్తాతలు ఒక గేదె కణాన్ని తెచ్చి, పెంచి, సముద్రంమీద తేలేటంత చేశారు. దాని వీపుమీద ఒక పక్క తూర్పు వీధి, ఒక పక్క పడమటి వీధి. నల్లటి వెచ్చటి నేల. ఇంటింటికీ కుళాయి, కుళాయిలో పాలు. తల పెట్టలేదు, తలంటూ ఉంటే ఇష్టాయిష్టాలు ఉంటాయని. కాళ్ళు పెట్టలేదు, కాళ్ళుంటే ఎటైనా పోతుందని. గుండె మాత్రం పెట్టారు. నాలుగు గదుల గుండె, మా పంచాయతీ చావడి కన్నా పెద్దది.

ఆ గుండె చప్పుడుకే మా ఊళ్ళో పిల్లలు నిద్రపోతారు. లబ్, డబ్. గుండె కొట్టుకుంటున్న చప్పుడు అంటారంతా. కాదు, అది తలుపులు మూసుకునే చప్పుడు. పై గదుల్లోంచి కింది గదుల్లోకి రక్తం దిగాక మధ్య తలుపులు మూసుకుంటే లబ్. కింది గదుల్లోంచి బయటికి పోయాక వీధి తలుపులు మూసుకుంటే డబ్. గుండె పని గుండె చప్పుడు లేకుండానే చేసుకుంటుంది. మోత అంతా తలుపులదే. పంచాయతీల్లో కూడా ఇదే పద్ధతి చూశాను. నేను బడికి వెళ్ళినవాణ్ణి కాను. ఈ సంగతులన్నీ డాక్టరమ్మ తండ్రిగారు పొయ్యిలోకి పంపిన పుస్తకాలు పొయ్యి దగ్గర కూర్చుని చదివి నేర్చుకున్నవి.


రెండు. ఆషాఢం చివర, ముసురు.

పొద్దున్నే మా మరదలు వరహాలమ్మ వచ్చి తలుపు బాదింది. చనిపోయిన మా ఆవిడకి చెల్లెలు. మా ఊరి తొక్కుడుకి పెద్ద.

"లెగు బావా. మా ఈది పెరిగింది."

"వీధులు పెరగవు వరహాలూ. నువ్వే కుంగి ఉంటావు."

"నీ యెటకారం పాలల్లో కలుపుకుని తాగుదువు గానిలే, ముందొచ్చి సూడు."

వెళ్ళి చూశాను. పడమటి వీధి నిజంగానే పొంగింది. మొన్నటిదాకా గడపలు కెరటాలకి తడిసేవి. ఇప్పుడు ఆ గడపలమీద అప్పడాలు ఆరబెట్టుకున్నారు.

తొక్కుడంటే ఏమిటో చెప్పాలి. గుండె బయటికి పంపిన నీరంతా తిరిగి గుండెకి రాదు. సన్న గొట్టాల గోడల్లోంచి కొంత ఊరి, కండల సందుల్లో నిలబడిపోతుంది. ఆ ఊటని ఏరి తెచ్చి మళ్ళీ రక్తంలో కలపడానికి వేరే దారి ఉంది. పుస్తకాల్లో శోషరస నాళం అని ఉంటుంది, మేం తెల్ల గొట్టం అంటాం. పాపం దానికి గుండె లేదు. తనంతట తాను కాస్త కాస్త ముడుచుకుంటుంది, కానీ అది చాలదు. మామూలు గేదె అయితే నడుస్తుంది, మేస్తుంది, ఆ కదిలే కండలు తెల్ల గొట్టాన్ని పిండుతాయి. గొట్టం లోపల వన్‌వే తలుపులు ఉంటాయి కాబట్టి పిండిన నీరు ముందుకే పోతుంది. మా గేదెకి కాళ్ళు లేవు. అందుకని దాని నడక మేం నడవాలి. రోజూ తెల్లవారగానే ఇంటికొకరు చొప్పున వరసకట్టి, వీధి కింద తెల్ల గొట్టం ఉన్న చోటల్లా చెప్పుల్లేకుండా, గుండె చప్పుడుకి అడుగు కలిపి తొక్కుతూ వెళ్ళాలి. ముందు వరహాలు నడుస్తూ "వెయ్, వెయ్" అంటుంది.

ఈ ముసురులో పడమటి వీధి నుంచి తొక్కుడుకి జనం తగ్గారు. పక్కింటి వాళ్ళు వెళ్తారులే అని ప్రతి ఇల్లూ అనుకుంది. పక్కింటి వాళ్ళూ అదే అనుకున్నారు.

వరహాలు వీధి మధ్య కూలబడి, బొటనవేలితో నేలని గట్టిగా నొక్కి తీసింది. గుంట పడింది. పడ్డ గుంట అలాగే ఉండిపోయింది.

"ఒళ్ళు సేస్తే నొక్కిన సోటు ఎంటనే పైకొచ్చేస్తాది. ఇది నీరు. నా కాలూ కొత్తల్లో ఇంతే."

ఆవిడ ఎడమ కాలు బోదకాలు. దోమ కాటుతో వచ్చిన సన్నటి పురుగులు ఆవిడ తెల్ల గొట్టాల్లో కాపురం పెట్టాయి. పురుగులు ఎప్పుడో చచ్చాయి, గొట్టాలు పాడైపోయాయి, కాలు మాత్రం రోలులా మిగిలింది. ఆ కాలుతోనే మా ఊరంతటికీ అడుగు నేర్పింది.


మూడు. శ్రావణం, ఎండ కాసింది.

చావడిలో సభ. డాక్టరమ్మ లేచి వరహాలు చెప్పిందే చెప్పింది, కాకపోతే గోడమీద బొమ్మ గీసి మరీ చెప్పింది. నీరు సందుల్లో నిలిస్తే రక్తం తగ్గుతుంది, తగ్గిన రక్తాన్నే ఊరంతా తిప్పడానికి గుండె ఆత్రపడుతుంది, ఆత్రపడి అలిసిపోతుంది. అందరికీ అర్థమైంది. మా వాళ్ళు తెలివితక్కువ వాళ్ళని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

పడమటి వీధి పెద్ద, పంచాయతీకీ పెద్ద అయిన ధనుంజయరావు లేచాడు.

"ఆయ్. డాక్టరుగారు చెప్పింది అక్షరాలా నిజమండి. నీరేనండి. కాదంటే కళ్ళు పోతాయి. కానండీ, నేను పుట్టిన్నాటి నుంచీ మా ఇంట్లో మంచం కోళ్ళకి ఉప్పు పేరుకునే ఉందండి. మొదటిసారి మొన్న మా మనవరాలు పొడి నేలమీద పాకిందండి. ఇప్పుడు ఆ నీరు తొక్కి పంపించేయమంటే, పిల్లని మళ్ళీ కెరటంలో పెట్టమనేనా మీరనేది?"

"వచ్చే ఏడాది పాకడానికి నేలే ఉండదండి" అంది డాక్టరమ్మ.

"వచ్చే ఏడాది సంగతి వచ్చే ఏడాది చూద్దామండి."

వరహాలు వెనక నుంచి అరిచింది. "ఒరే ధనుంజయా, నువ్వు పాకేటప్పుడు నీ కింద తొక్కింది మా అమ్మరా!"

"నిజమే పిన్నీ. ఆవిడ కాళ్ళకి దండం పెడతాను" అని నిజంగానే అటు తిరిగి దండం పెట్టాడు. సభ నవ్వింది. అక్కడితో ముగిసింది. దండం పెట్టాక ఇక చేయవలసింది ఏముంటుంది?

పడమటి వీధి తొక్కుడు మానేసింది.


నాలుగు. శ్రావణం, పౌర్ణమి దాటాక.

పడమర పొంగితే తూర్పు ఒరిగింది. అందులో వింతేమీ లేదు, మంచానికి ఒకవైపు కోళ్ళ కింద ఇటుకలు పెడితే ఏమవుతుందో అదే. ఇన్నాళ్ళూ పడమటి గడపల్ని తడిపిన కెరటం ఇప్పుడు తూర్పు గడపలెక్కుతోంది.

తూర్పు వీధివాళ్ళు మంచివాళ్ళు. ఒక్కరోజు కూడా తొక్కుడు మాననివాళ్ళు. వాళ్ళు నా దగ్గరికి వచ్చి కూర్చున్నారు. నేను గుండె గదుల గురించి మొదలుపెట్టి, కప్ప గుండెకి మూడే గదులని చెప్పి, చేపకి రెండేనని చెప్పబోతుంటే, మరియదాసు అనే వడ్రంగి అడ్డుపడ్డాడు.

"చేప గొడవ తర్వాత, లోవరాజు మావయ్యా. మేం తొక్కుతుంటే మా వీధి పల్లమవుతోంది. వాళ్ళు మానేస్తే వాళ్ళ వీధి మెరకవుతోంది. మేమూ మానేస్తే రెండూ సమానమవుతాయా అవవా? అదొక్కటే చెప్పు."

"అవుతాయిరా. చావులో అందరూ సమానమే."

"సమానమవుతాయి అన్నావుగా. చాలు" అని లేచి వెళ్ళాడు.

వాడి లెక్కలో తప్పు లేదు. నేను ఎన్నిసార్లు వేసి చూసినా అదే వస్తోంది.

తూర్పు వీధీ మానేసింది. ఇప్పుడు ఊరు తొణకకుండా, ఒరగకుండా, నిండు బిందెలా ఉంది. తెల్లవారగానే వీధిలో వినబడేది ఒకే జత అడుగులు. ఒకటి మెత్తగా, ఒకటి బరువుగా. "వెయ్, వెయ్" అని తనకి తనే చెప్పుకుంటోంది మా మరదలు.


అయిదు. భాద్రపదం, గాలి లేదు.

వెన్ను నరం నిండా కబుర్లే. పొంగిన కండలు నరాల్ని నొక్కేస్తున్నాయి.

చిన్న నొప్పికి చిన్న కేక, పెద్ద నొప్పికి పెద్ద కేక అనుకుంటాం. నాడీకణానికి గొంతు పెంచడం రాదు. కేక వేస్తే ఒకే కేక, లేదంటే మౌనం. నొప్పి ఎక్కువైతే అదే కేక మరింత తరచుగా వేస్తుంది, అంతే. మా ఆవిడ అప్పయమ్మా ఇంతే. కోపమొస్తే గొంతు పెంచేది కాదు. "కిటికీ బాగుచేయించవా" అని అదే గొంతుతో, అదే మాట, పెరుగు కలుపుకునే లోపల ఆరేడుసార్లు. కిటికీ బాగుచేయించేవాణ్ణి. ఇదెందుకు రాస్తున్నానంటే, వినేవాడుంటే ఆ పద్ధతి పనిచేస్తుందని.

గేదెకి తల లేదు కాబట్టి నొప్పి కబురు వెన్నుదాకా వచ్చి, అక్కణ్ణుంచే వెనక్కి తిరిగి, చర్మాన్ని విదిలిస్తుంది. ఈగ వాలితే పశువు ఒళ్ళు జలదరిస్తుందే, అది. ఇప్పుడు ఆ జలదరింపు ఊరంతా. అటకలమీంచి గిన్నెలు పడుతున్నాయి. నిన్న మరియదాసు ఇంటి దూలం వాడి తల్లి భుజంమీద పడింది.

మళ్ళీ సభ. ఈసారి రెండు వీధులూ ఒకే మాటమీద ఉన్నాయి: వెన్ను నరానికి మొద్దుమందు వేయాలి. డాక్టరమ్మ వేయనంది. నిలబడి, "నొప్పి రోగం కాదండి, రోగం మనం. అది చెబుతోంది, వినండి" అంది. వినలేదు. మందు ఎక్కడుంటుందో ఊరందరికీ తెలుసు.

నేను వెళ్ళి నరాల గది గుమ్మంలో కుర్చీ వేసుక్కూర్చున్నాను. ధనుంజయరావు నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"లోవరాజు బాబాయి గారూ, లేవండి. దూలం పడ్డ ముసలమ్మని చూసొచ్చారా?"

"చూశాను. ఆ దూలం గేదె పడేసింది కాదురా. మీరు తొక్కకపోతే పడింది."

"తొక్కుదామండి, ఎందుకు తొక్కమూ? ముందు ఈ అదురు ఆగనివ్వండి. అదిరే నేలమీద ఎలా తొక్కుతారండి ఎవరైనా?"

నేను జవాబు చెప్పేలోపల నన్ను కుర్చీతో సహా ఎత్తి బయట పెట్టారు. పెట్టేటప్పుడు జాగ్రత్తగానే పెట్టారు. మా వాళ్ళు మర్యాదస్తులు.

ఒక నాడీకణానికీ పక్కదానికీ మధ్య సందు ఉంటుంది. ఇటువైపు కణం ఆ సందులోకి ఒక రసం వదులుతుంది. అది అటువైపు తలుపుకి తగిలితేనే కబురు ముందుకి సాగుతుంది. మొద్దుమందు వెళ్ళి ఆ తలుపులకి అడ్డంగా కూర్చుంటుంది. నాలాగే. తేడా ఏమిటంటే, దాన్ని ఎవరూ ఎత్తి బయట పెట్టరు.


ఆరు. ఆశ్వయుజం, వాన వెలిసింది.

వెన్ను నరం మౌనం. రాయడానికి ఏమీ లేదు.

అదురు ఆగింది. ఆగిన సంతోషంలో చావడి దగ్గర పాయసం పంచారు. పాయసం పలచగా ఉంది, పాలు పలచగా ఉన్నాయి గనక. తొక్కుతామన్న వాళ్ళెవరూ తొక్కలేదు. అదిరే నేలమీద తొక్కలేమన్నారు. అదరని నేలమీద తొక్కాల్సిన అవసరం కనబడలేదు.

నేను వరహాలు వెనక వరసలో చేరాను. వరసంటే మేమిద్దరమే. గుండె ఎంత తొందరగా కొట్టుకుంటోందంటే అడుగు కలపలేకపోతున్నాను.

"అడుగు తప్పుతున్నావు బావా. పెళ్ళిలో ఏడడుగులూ ఇలాగే ఏసుంటావు, మా అక్క సెప్పింది."

"నేనేం తప్పలేదు. గేదె తొందరపడుతోంది."

ఆవిడ నవ్వలేదు. ఆగి, వంగి, బొటనవేలితో నేల నొక్కింది. వేలు మొదటి కణుపుదాకా దిగిపోయింది. ఆ గుంటలోకి చూస్తూ, "నా కాలికి నేను తొక్కించుకోలేకపోయాను. దీనికన్నా సెయ్యొచ్చు కదా అనుకున్నాను" అంది.

నేనేమీ అనలేదు. అనకుండా ఉండటం నా జీవితంలో అరుదు కాబట్టి ఇక్కడ నమోదు చేస్తున్నాను.


ఏడు. కార్తీకం, చలిగాలి.

కుళాయిల్లో నీళ్ళలాంటి పాలు. డాక్టరమ్మ అడగ్గా అడగ్గా ఉత్తరాన తేలే ఊరు మమ్మల్ని తీసుకోవడానికి ఒప్పుకుంది. అది ఆవు. అదీ తలా కాళ్ళూ లేనిదే. అక్కడా తొక్కుడే. అందుకని వాళ్ళది ఒకటే షరతు: తొక్కగలిగిన వాళ్ళే రావాలి. తొక్కలేని మనిషిని ఎక్కించుకుంటే ఆవుకి బరువూ, నీరూ.

న్యాయమైన షరతు. ఇందులో కూడా నాకు తప్పు కనబడలేదు. ఈ ఏడాదంతా నాకు ఎవరి లెక్కలోనూ తప్పు కనబడలేదు.

రేవులో పడవలు ఆగాయి. వాళ్ళ మనిషి ఒకడు బల్ల వేసుకుని కూర్చుని ఒక్కొక్కరి పాదాలూ చేత్తో పట్టుకుని చూస్తున్నాడు. ధనుంజయరావు పాదాలు చూసి, "వెన్నలా ఉన్నాయి మహానుభావా, ఎక్కండి" అన్నాడు. ఉంటాయి మరి. మరియదాసు ఎక్కాడు. భుజానికి కట్టుతో వాడి తల్లీ ఎక్కింది, పాదాలు బాగున్నాయి కనక.

వరహాలు వంతు వచ్చింది. చీర కాస్త పైకెత్తి కాలు బల్లమీద పెట్టింది. ఆ మనిషి చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చెడ్డవాడేం కాదు, నొచ్చుకున్నాడు కూడా.

"అమ్మా, ఈ కాలుతో నువ్వేం తొక్కుతావమ్మా?"

రెండు వీధులవాళ్ళూ పడవల్లో కూర్చుని ఉన్నారు. అందులో ప్రతి ఒక్కరూ చిన్నప్పుడు ఆవిడ వెనక నడిచి అడుగు నేర్చుకున్నవాళ్ళే. ఒక్కరు లేచి చెబితే సరిపోయేది. డాక్టరమ్మ ఒక్కతే పడవలోంచి దిగి వచ్చి, అతని చేతులు పట్టుకుని, ఈవిడే మా తొక్కుడు పెద్ద అని చెప్పింది. అతను పడవలవైపు చూసి, "నిజమేనా?" అని అందర్నీ అడిగాడు. ఈవిణ్ణి ఎక్కించుకుంటే మరొకరిని దింపాలేమోనని అనుకున్నారో, ఊరు ఇలా ఎందుకైందని తర్వాతి ప్రశ్న వస్తుందనుకున్నారో. ధనుంజయరావు సముద్రంకేసి చూస్తూ మనవరాలి కుచ్చుటోపీ సర్దాడు.

"ఎవరూ అనడం లేదే డాక్టరుగారూ" అన్నాడతను.

"నిజమే బాబూ" అంది వరహాలు చీర దించుకుంటూ. "ఈ కాలుతో నేనేం తొక్కుతాను?"

నా పాదాలు చూసి, ముసలాడివైనా పనికొస్తావన్నాడు. పడవలో ఒక కాలు పెట్టి, మళ్ళీ తీసేశాను.

"నీకు మతి పోయిందా బావా? ఎల్లు!" అని వరహాలు తిట్టింది.

"నాకు పడవ పడదు, వాంతులవుతాయి."

"పుట్టిన్నాటి నుంచీ నీళ్ళమీదే ఉన్నావు, నీకు పడవ పడదా?"

"ఇది గేదె. అలవాటైంది."

డాక్టరమ్మ తన మందుల పెట్టె మా దగ్గర వదిలి వెళ్ళింది. దూలం పడ్డ ముసలమ్మ వైద్యం ఆవిడ చేతిలో ఉంది, వెళ్ళక తప్పదు. వెళ్ళేముందు నాతో, "రాయడం ఆపకండి బాబాయిగారూ. ఎంత పొడుగైనా సరే" అంది.


ఎనిమిది. కార్తీకం, ఎండపొడ.

పొడుగ్గా రాయమన్నాక రాయడానికి ఏమీ కనబడటం లేదు. లోకం పద్ధతే అంత.

ఈ పొద్దు మా పని కుళాయిలు కట్టడం. వెళ్ళే తొందరలో సగం ఇళ్ళవాళ్ళు కుళాయిలు తిప్పి అలాగే వదిలేసి వెళ్ళారు. ధనుంజయరావు ఇంట్లోదైతే ధార. గోరువెచ్చటి పలచటి పాలు గది దాటి, వసారా దాటి, ఆ పొడి గడపమీంచి సముద్రంలోకి పోతున్నాయి. మంచం కోళ్ళు శుభ్రంగా ఉన్నాయి.

గుండెకి ఎవరూ ఆజ్ఞ ఇవ్వక్కర్లేదని పుస్తకంలో ఉంది. కుడివైపు పై గదిలో చిన్న కండ ముక్క ఒకటి ఉంది. ప్రతి దెబ్బా అక్కడే, దానంతట అదే పుడుతుంది. నరాలు చేయగలిగిందల్లా త్వరగా, నిదానంగా అని చెప్పడమే. నరాలన్నీ తెంచినా గుండె ఆగదు. ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు ఎంతో గొప్పగా తోచింది. ఇప్పుడు చావడి అంత గుండె ఖాళీ వీధులకి, ఖాళీ ఇళ్ళకి, ఎవరూ పట్టని గిన్నెలకి పాలు పంపుతుంటే అంత గొప్పగా లేదు.

"మనిద్దరం తొక్కితే ఎంత నీరు పోతాది బావా?" అనడిగింది వరహాలు, చివరి కుళాయి కట్టి కొంగుతో చేతులు తుడుచుకుంటూ.

"రెండిళ్ళ వాటా."

"ఊరెంత?"

"ఊరు ఊరంత."

ఆవిడ వంగి వీధిని నొక్కింది. వేలు నిన్నటికన్నా కొంచెం లోతుకే దిగింది. గుంట పైకి రాలేదు. మేం కాసేపు చూశాం, మాకు వేరే పనేమీ లేదు కనక. తర్వాత ఆవిడ ముందు, నేను వెనక.

"వెయ్" అంది.

కింద గుండె పరుగెత్తినట్టు కొట్టుకుంటోంది, ఇంటిల్లిపాదీ ఆకలిమీద ఉన్నారన్నట్టు. ఊరు వెళ్ళిపోయిందన్న కబురు దానికి ఇంకా అందలేదు. అందే దారిలో మొద్దుమందు ఉంది.

మేమూ చెప్పలేదు.